ప్రశంసాపత్రం గోడెక్కితే పని వాతావరణం మారుతుందా? ఉద్యోగుల గుర్తింపు పథకాల వెనుక ఉన్న లెక్కలు

ఆగస్టు 15న, జనవరి 26న శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కేంద్రాల్లో జెండా వందనం అయ్యాక జరిగే కార్యక్రమం అందరికీ తెలిసిందే. వివిధ శాఖల్లో బాగా పనిచేసినవారిని వేదిక మీదికి పిలిచి ప్రశంసాపత్రాలు ఇస్తారు. మర్నాడు జిల్లా పేజీల నిండా ఆ ఫొటోలే కనిపిస్తాయి. ఆఫీసుల్లో మాత్రం మరో నాలుగు రోజులు ఆ జాబితా మీద మాటలు నడుస్తూనే ఉంటాయి: ఫలానావారి పేరు ఎలా వచ్చింది, ఏళ్ల తరబడి కష్టపడుతున్న ఇంకొకరి పేరు ఎందుకు రాలేదు, అసలు ఆ పేర్లు పంపినది ఎవరు. ఇదే ఏర్పాటు ఇప్పుడు ప్రైవేటు సంస్థల్లో 'ఎంప్లాయీ ఆఫ్ ది మంత్', 'స్టార్ పెర్ఫార్మర్', 'రివార్డ్స్ అండ్ రికగ్నిషన్' వంటి పేర్లతో స్థిరపడుతోంది. పైడిభీమవరం, బొబ్బిలి వంటి పారిశ్రామిక ప్రాంతాలు పెరిగేకొద్దీ, భోగాపురం విమానాశ్రయం చుట్టూ కొత్త ఉద్యోగాల మీద ఆశలు పెరిగేకొద్దీ ఈ మాటలు మన పిల్లల నోట ఇంకా ఎక్కువగా వినిపిస్తాయి. ఇవి ఏమిటి, వీటివల్ల నిజంగా ఏం మారుతుంది, వీటి మీద అభిప్రాయ భేదాలు ఎందుకు ఉన్నాయి అన్నది ఈ వ్యాసం విషయం.

ఒకే మాటకు ఫ్యాక్టరీలో మూడు అర్థాలు

తెలుగులో 'గుర్తింపు' అన్న మాటను ఫ్యాక్టరీ గేటు దగ్గర మూడు రకాలుగా వాడతారు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మొదటిది. లోపలికి వెళ్లే మనిషి ఎవరో, ఎవరి తరఫున వచ్చాడో అది చెబుతుంది. రెండవది గుర్తింపు సంఘం, అంటే యాజమాన్యంతో కూర్చుని మాట్లాడే హక్కు ఉన్న కార్మిక సంఘం. జూట్ మిల్లులున్న మన ప్రాంతంలో ఈ అర్థాన్ని ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకటికి మించి సంఘాలున్న చోట మస్టరు రోలు (కార్మికుల పేర్ల పట్టీ)లోని కార్మికుల్లో 51 శాతం మంది మద్దతున్న సంఘమే చర్చలు జరిపే ఏకైక సంఘమవుతుంది. మూడవది ఈ వ్యాసం విషయమైన గుర్తింపు: ఒకరు చేసిన పనిని చూసి, ఆ పని విలువను నలుగురికీ తెలిసేలా చెప్పడం.

ఈ మూడు అర్థాలకూ మూలం ఒక్కటే. గుర్తించడమంటే ముందు చూడడం, తరువాత ఫలానా అని ఒప్పుకోవడం. గుర్తింపు పథకాల మీద వచ్చే గొడవల్లో చాలావరకు బహుమతి చిన్నదా పెద్దదా అన్నదాని మీద పుట్టినవి కావు. అసలు చూసినది ఎవరు, చూడవలసినదాన్నే చూశారా అన్న అనుమానమే వాటికి మూలం.

జీతం, బోనస్, ఇన్సెంటివ్, గుర్తింపు: దేనికది వేరు

జీతం చేసిన పనికి ఒప్పందం ప్రకారం రావలసిన సొమ్ము. ఇన్సెంటివ్ అంటే ఇంత పని చేస్తే ఇంత అదనంగా ఇస్తామని ముందే చెప్పి ఇచ్చేది. బోనస్ దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. దసరాకో దీపావళికో యజమాని ఇచ్చే స్వీటు బాక్సును, గిఫ్టు కార్డును కూడా బోనస్ అనడం అలవాటైపోయింది కాని, చట్టం చెప్పే బోనస్ యజమాని ఇష్టాయిష్టాల మీద ఆధారపడినది కాదు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం అర్హులైన ఉద్యోగులకు కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం బోనస్ నిర్ణయించింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా ఆ శాతాలనే కొనసాగించింది.

ఒక లెక్క చూద్దాం. నెలకు 14,000 రూపాయల జీతం వచ్చే కార్మికురాలు ఉన్నదనుకుందాం. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1965 చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, నెల జీతం 21,000 రూపాయలు దాటనివారు అర్హులయ్యేవారు. బోనస్ లెక్కకు 7,000 రూపాయలను గాని, ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనాన్ని గాని, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోవలసి ఉండేది. ఆ పనికి కనీస వేతనం నెలకు 12,000 రూపాయలనుకుంటే ఏడాదికి 1,44,000, అందులో 8.33 శాతం అంటే సుమారు 11,995 రూపాయలు. కొత్తగా పెట్టిన సంస్థలకు మొదటి ఐదేళ్లలో లాభం వచ్చిన ఏడాదికే ఈ బాధ్యత వర్తిస్తుందన్న సడలింపు ఉన్నది గాని, పాత సంస్థలో ఏడాది పొడుగునా పనిచేసిన ఆమెకు ఇది హక్కుగా రావలసిన సొమ్ము. దాని స్థానంలో వేదిక మీద 3,000 రూపాయల గిఫ్టు కార్డు చేతికిచ్చి ఫొటో తీస్తే, అక్కడ జరిగింది గుర్తింపు కాదు. బాకీ ఎగవేతకు కప్పిన శాలువా అది.

జీతానికీ గుర్తింపుకూ ఉన్న ఈ తేడాను విడదీసి చెప్పినవారిలో అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ముఖ్యుడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఆయన బృందం ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. జీతం, పని పరిస్థితులు, పై అధికారి తీరు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిగా ఉంటే అసంతృప్తి పోతుంది, అంతే. ఉత్సాహం మాత్రం సాధించామన్న తృప్తి, గుర్తింపు, పనిలోని ఆసక్తి, బాధ్యత, ఎదుగుదల వంటి వేరే వాటినుంచి వస్తుంది. ఈ సిద్ధాంతం మీద బలమైన విమర్శ కూడా ఉన్నది: మంచి జరిగితే తమ గొప్పతనమనీ, చెడు జరిగితే చుట్టూ ఉన్న పరిస్థితుల లోపమనీ చెప్పుకోవడం మనుషుల సహజ గుణం కనుక, జ్ఞాపకాల మీద ఆధారపడిన ఆ పద్ధతిలో అలాంటి విభజన రాక తప్పదని విమర్శకులు అంటారు. ఎవరి మాట నెగ్గినా, ఒక క్రమం మాత్రం మన అనుభవానికి అందుతుంది. జూట్ మిల్లుల లాకౌట్లు చూసిన ఊళ్లో ముందు ప్రశంసాపత్రాల ప్రసక్తి తెస్తే, "సాలువా కప్పితే కడుపు నిండుతాదేటి?" అన్న ప్రశ్న ఎదురుకావడం న్యాయమే.

మెచ్చుకోలు పనిచేస్తుందనడానికి ఆధారాలు

హక్కుగా రావలసినవన్నీ అందిన తరువాత గుర్తింపు వల్ల అదనంగా ఏమైనా ఒరుగుతుందా అన్న ప్రశ్నకు, కొన్ని మంచి ప్రయోగాలు అవునని జవాబు ఇస్తున్నాయి. జర్మనీలో 300 మందికి పైగా మనుషులను మూడు గంటల డేటా ఎంట్రీ పనికి తీసుకుని, ఎనిమిది మంది చొప్పున బృందాలు చేసి, కొన్ని బృందాల్లో మధ్యలో ధన్యవాదాలు తెలిపే కార్డులు ఇచ్చారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం కార్డులు ఇచ్చిన బృందాల్లో పని పెరిగింది; అందరికీ ఇచ్చినప్పటి కన్నా బాగా చేసిన మొదటి ముగ్గురికే ఇచ్చినప్పుడు ఎక్కువగా పెరిగింది. విచిత్రమేమంటే, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం కార్డు అందుకోనివారి నుంచి వచ్చింది.

జాంబియాలో చేసిన మరో ప్రయోగం మన ప్రాంతంలోని చిన్న దుకాణాలను గుర్తుకు తెస్తుంది. హెచ్‌ఐవి నివారణ కోసం క్షౌరశాలల్లో, బ్యూటీ పార్లర్లలో కండోములు అమ్మించిన ఒక కార్యక్రమంలో కొందరికి కమీషను పెంచారు. కొందరికి డబ్బు ఏమీ ఇవ్వకుండా, అమ్మకాలను బట్టి నక్షత్రాలు అతికించే ఒక పటాన్ని దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టారు. 2014లో వెలువడిన ఫలితాల్లో కమీషను పెంపు కన్నా నక్షత్రాల పటమే ఎక్కువ అమ్మకాలు తెచ్చింది. ఊరికి మేలు చేసే పని చేస్తున్నామన్న భావన ఉన్నవారిలో ఈ ప్రభావం ఇంకా బలంగా కనిపించింది.

బహుమతి ఉన్న ఆసక్తిని చంపుతుందన్న వాదన

దీనికి ఎదురు నిలిచే ఆధారాలు కూడా అంతే గట్టివి. 1971లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ కళాశాల విద్యార్థులకు ఒక పజిల్ ఇచ్చి, కొందరికి పరిష్కరించినందుకు డబ్బు ఇచ్చాడు. డబ్బు ఆగిపోయాక వారిలో ఆ పజిల్ మీద ఆసక్తి తగ్గింది. 1973లో నర్సరీ పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, బొమ్మలు వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తరువాతి రోజుల్లో తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. బహుమతి కోసమే చేస్తున్నానన్న భావన ఒకసారి మనసులో పడితే, పని మీది ఇష్టం పక్కకు తప్పుకుంటుందన్నది ఈ వర్గం వాదన.

జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ అనే పరిశోధకులు 1994లో పాత ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగట్టి, ఈ భయం అతిశయోక్తి అని తేల్చారు. 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయాన్ 128 ప్రయోగాలను మళ్లీ కలిపి చూసి, భయం నిజమేనన్నారు. ఈ వివాదం ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు కాని, నాకు ముఖ్యమనిపించేది ఆ రెండు పక్షాలూ కలిసిన చోటు. నోటితో చెప్పిన మెచ్చుకోలు పెద్దవారిలో ఆసక్తిని చంపదు, పెంచుతుందని ఇరుపక్షాల లెక్కలూ చూపించాయి. మెచ్చుకోలు కూడా అదుపు చేసే ధోరణిలో, 'మేం చెప్పినట్టు చేశావు గనుక మంచివాడివి' అన్నట్టు ఉంటే ఆ మేలు పోతుందని 1999 అధ్యయనం ఒక మినహాయింపు చేర్చింది.

మన సన్మానాల సంప్రదాయంలో దీన్ని పోల్చి చూడడానికి ఒక మంచి అంశం ఉన్నది. 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా ఉన్న విజయనగరంలో సన్మానం అంటే శాలువాతో అయిపోయేది కాదు. సన్మానపత్రం చదివేవారు. ఆ పత్రంలో ఆ మనిషి ఏ విద్యలో ఏం సాధించాడో, ఏ సందర్భంలో ఏం చేశాడో వివరంగా ఉండేది. సభలో కూర్చున్నవారికి ఆ విద్య తెలుసు గనుక పొగడ్త నిజమో కాదో వారే తేల్చుకోగలిగేవారు. పేరు రాసే చోటు ఖాళీగా ఉంచి వంద కాపీలు అచ్చు వేసిన ప్రశంసాపత్రంలో లోపించేది ఆ వివరమే.

జీడిపప్పు లెక్క: కొలిచేది ఒకటి, కావలసినది మరొకటి

పథకాలు దెబ్బతినే చోట్లలో ఎక్కువగా కనిపించేది కొలమానం. పలాస ప్రాంతపు జీడిపప్పు పని తీసుకుని ఒక ఊహా లెక్క వేద్దాం. జీడిపప్పు ధర బరువు ఒక్కదాని మీదే ఆధారపడదు. గుండు విరగకుండా వస్తే ఒక ధర, బద్ద అయితే తక్కువ, ముక్క అయితే ఇంకా తక్కువ. ఎగుమతి గ్రేడుల్లో డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగేదని అర్థం. సంఖ్య తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. తొక్క తీసే ఆడవాళ్ల చేతి నేర్పు మీద గుండు నిలవడమో విరగడమో చాలావరకు ఆధారపడుతుంది.

ఒక యూనిట్లో 'ఈ నెల ఉత్తమ కార్మికురాలు' పథకం పెట్టి, ఎక్కువ కిలోలు తీసినవారికి బహుమతి అన్నారనుకుందాం. మొదటి ఆమె రోజుకు 12 కిలోలు తీస్తుంది. అందులో 80 శాతం గుండ్లు నిలుస్తాయి. రెండవ ఆమె 10 కిలోలే తీస్తుంది. 95 శాతం గుండ్లు నిలుస్తాయి. లెక్క సులువుగా ఉండడానికి గుండు కిలో 800 రూపాయలు, విరిగినది 600 రూపాయలు అనుకుంటే, మొదటి ఆమె చేతి మీదుగా వచ్చిన ప్రతి 100 కిలోల పప్పు విలువ 76,000 రూపాయలు. రెండవ ఆమెది 79,000. యజమాని పెట్టుబడిలో పెద్ద భాగం పిక్కల (పప్పు తీయని జీడి గింజల) కొనుగోలే. ఆ ఏడాది కొన్న పిక్కలు ఎంతో, తీయగలిగిన పప్పు అంతే. కనుక ప్రతి 100 కిలోలకూ 3,000 రూపాయలు ఎక్కువ తెచ్చిపెడుతున్న మనిషి పేరు బోర్డు మీదికి ఎన్నడూ ఎక్కదు.

తరువాతి నెల ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రెండవ ఆమె వేగం పెంచుతుంది. ఆమె చేతిలో కూడా గుండ్లు విరగడం మొదలవుతుంది. పక్కన కూర్చున్న కొత్త పిల్లకు చెయ్యి ఎలా తిప్పాలో చూపించే తీరిక పోతుంది, ఎందుకంటే ఆ నేర్పిన సమయం ఏ కిలోలోనూ కనిపించదు. అలాగని వేగానికి విలువ లేదని కాదు. గుండు శాతాన్ని మాత్రమే కొలిస్తే అందరూ నెమ్మదిస్తారు; రెండూ కొలిస్తే ఎవరి కుప్ప ఏదో విడిగా లెక్క రాయడానికి మరో మనిషి కావాలి. కోరుకునేది ఒకటి, బహుమతి ఇచ్చేది మరొకదానికి అన్న ఈ పొరపాటును మేనేజ్‌మెంట్ పండితుడు స్టీవెన్ కెర్ 1975లోనే తన వ్యాసంలో వివరించాడు. నా దృష్టిలో గుర్తింపు పథకాల మీద రాసినవాటిలో ఇప్పటికీ అన్నిటికన్నా పనికొచ్చే హెచ్చరిక అదే.

హాజరు బహుమతులు, ప్రమాద రహిత దినాల బోర్డులు

హాజరును కొలవడం సులువు కనుక చాలా సంస్థలు అక్కడినుంచే మొదలుపెడతాయి. అమెరికాలో ఒక సంస్థకు ఉన్న ఐదు పారిశ్రామిక లాండ్రీల్లో ఒకదానిలో మాత్రమే ఇలాంటి పథకం పెట్టారు. నెలంతా మానకుండా, ఆలస్యం కాకుండా వచ్చినవారి పేర్లతో లాటరీ తీసి గిఫ్టు కార్డు ఇచ్చేవారు. 2016లో వెలువడిన అధ్యయనం చెప్పినది ఇది: అర్హత ఉన్నన్నాళ్లు కొందరు వేళకు వచ్చారు, ఒకసారి అర్హత పోగానే పాత అలవాటుకు మళ్లారు, ఆలస్యమైతే అనారోగ్యమని చెప్పి సెలవు పెట్టే ఎత్తుగడలు మొదలయ్యాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది, ఏ బహుమతీ లేకుండానే ఏళ్లుగా వేళకు వస్తున్నవారు నిరుత్సాహపడడం. మొత్తం మీద ఆ ప్లాంటు ఉత్పాదకత 1.4 శాతం తగ్గింది.

కాలిఫోర్నియా పాఠశాలల్లో 15 వేల మందికి పైగా విద్యార్థుల మీద చేసి 2021లో ప్రచురించిన ప్రయోగం ఇంకో చిక్కు చూపించింది. ముందే ప్రకటించిన హాజరు బహుమతి ఏ మార్పూ తేలేదు. చెప్పకుండా అకస్మాత్తుగా ఇచ్చిన బహుమతి తరువాతి నెలలో గైర్హాజరును పెంచింది. తోటివారి కన్నా ఎక్కువగా వస్తున్నామన్న సంకేతం ఆ పత్రంతో అందిందనీ, ఇన్ని రోజులు రానక్కరలేదన్న అర్థం వారికి స్ఫురించిందనీ పరిశోధకుల వివరణ. నర్సరీ పిల్లల ప్రయోగంలో హాని చేయని అనూహ్య బహుమతి ఇక్కడ హాని చేసిందంటే, బహుమతి కన్నా అది మోసుకొచ్చే అర్థమే ఎక్కువ పనిచేస్తోందన్నమాట.

మందుల పరిశ్రమలో ఈ విషయం ప్రాణాల దాకా వెళ్తుంది. 'ఈ విభాగంలో ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు' అని బోర్డు పెట్టి, వంద రోజులు నిండితే షిఫ్టు మొత్తానికి బహుమతి అంటే, తొంభై ఏడో రోజున చేతి మీద రసాయనం పడినవాడు ఎవరికీ చెప్పకుండా కడుక్కుని కట్టు కట్టుకుంటాడు. పదిమంది బహుమతి చెడగొట్టినవాడన్న పేరు ఎవరికి కావాలి? 48 గంటలు పనికి రాలేనంత గాయమైతే అధికారులకు తెలపాలని 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది గాని, దానికన్నా చిన్న గాయాలు, తృటిలో తప్పిన ప్రమాదాలు బయటపడడం మాత్రం చెప్పేవారి ధైర్యం మీదే ఆధారపడుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో ఇలాంటి పథకాలను అనుమానంగా చూసి, 2018లో వివరణ ఇస్తూ ప్రమాదాలను, లోపాలను తెలిపినందుకు ఇచ్చే బహుమతులకు అభ్యంతరం లేదని చెప్పింది. రెండు పథకాల ఖర్చు ఒకటే కావచ్చు. ఒకటి నోరు మూయిస్తుంది, రెండవది నోరు తెరిపిస్తుంది.

ఒకరికి ఇవ్వాలా, వంతులవారీగా ఇవ్వాలా

60 మంది ఉన్న విభాగంలో నెలకు ఒక్కరికి బహుమతి అంటే ఏడాదికి 12. నిజంగా బాగా చేసేవారే మళ్లీ మళ్లీ గెలిస్తే ఆ 12 బహుమతులూ ఏడుగురికి అందవచ్చు. మిగిలిన 53 మందికి ఆ బోర్డు తమది కాదన్న భావన స్థిరపడుతుంది. ఆ గొడవ ఎందుకని వంతులవారీగా ఇస్తే, ఒక్కొక్కరికి ఐదేళ్లకోసారి వంతు వస్తుంది. అప్పుడు అది ప్రశంస కాదు, వరస. జర్మనీ ప్రయోగంలో కొద్దిమందికి ఇవ్వడమే మేలని తేలిందన్నది నిజమే కాని, అక్కడ ఎనిమిది మందిలో ముగ్గురికి ఇచ్చారు, అది కూడా మూడు గంటల పనికి. మర్నాడు ఆ ఎనిమిది మందీ ఒకే సర్వీసు ఆటోలో కూర్చుని పనికి రావలసిన అవసరం లేదు. చిన్న పట్టణాల్లో ఎంపిక చేసినవారికీ ఎంపికైనవారికీ మధ్య ఊరు, చుట్టరికం, కులం వంటి దారాలు ఏవో ఉన్నాయన్న అనుమానం వెంటనే వస్తుంది. ఆ అనుమానం నిజం కాకపోయినా, ఎంపిక ఎలా జరిగిందో రాసి పెట్టని చోట దానికి జవాబు ఉండదు.

సంస్థ సంస్కృతి అంటే గోడ మీద రాసినదా, క్యాంటీన్‌లో చెప్పుకునేదా

సంస్థల తీరును అధ్యయనం చేసిన అమెరికన్ పండితుడు ఎడ్గార్ షైన్ సంస్థ సంస్కృతిని మూడు పొరలుగా వివరించాడు. కంటికి కనిపించేవి పై పొర: యూనిఫారం, బోర్డులు, వేడుకలు. సంస్థ తన విలువలని ప్రకటించుకునేవి రెండవ పొర. ఎవరూ పైకి చెప్పకపోయినా అందరూ నమ్మి నడుచుకునేవి అడుగు పొర: పై అధికారికి చెడ్డ కబురు చెబితే ఏమవుతుంది, యంత్రం ఆపితే మెచ్చుకుంటారా తిడతారా వంటివి. గుర్తింపు పథకం మొదటి పొరకు చెందినది. అది అడుగు పొరను మార్చగలదని నమ్మేవారు, పదే పదే మెచ్చుకున్న ప్రవర్తన కాలక్రమంలో అలవాటవుతుందని వాదిస్తారు. మార్చలేదనేవారు, పథకాన్నే అడుగు పొర తనకు అనువుగా మలుచుకుంటుందని వాదిస్తారు. నాకు రెండవ వాదనే ఎక్కువ సబబుగా తోస్తుంది. షిఫ్టు ఇన్‌ఛార్జి మాటే వేదమైన చోట బహుమతి ఆయనకు కావలసినవారికే వెళ్తుంది; తప్పును తప్పుగా చెప్పుకోగలిగిన చోట అదే పథకం తప్పు పట్టుకున్న హెల్పర్‌కు వెళ్తుంది. కొత్తగా చేరిన మనిషి గోడ మీది విలువల పట్టిక చదివి కాక, బోర్డు మీద ఎవరి ఫొటో ఉందో చూసి, ఎందుకని క్యాంటీన్‌లో పక్కవారిని అడిగి, ఆ సంస్థను అర్థం చేసుకుంటాడు.

బోర్డు మీదికి ఎక్కని పేర్లు

ఆ బోర్డు ముందు అన్నం తింటున్నవారిలో చాలామంది కాంట్రాక్టు కార్మికులే కావచ్చు. యంత్రం ఒకటే, షిఫ్టు ఒకటే, మీద పడే రసాయనం ఒకటే; మెడలోని కార్డు మాత్రం వేరు. వారి పేర్లు పథకంలో ఉండకపోవడానికి నిర్లక్ష్యం ఒక కారణమైతే, చట్టం మరో కారణం. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే చెల్లించే బాధ్యత అసలు యజమానిదే అయ్యేది. కాని ఆ కాంట్రాక్టు నిజమైనదా, పేరుకు మాత్రమే పెట్టిన తెరా అన్న వివాదం కోర్టుకు వెళ్తే, పనిని అదుపు చేసినది, పర్యవేక్షించినది ఎవరన్నది న్యాయస్థానాలు చూసే అంశాల్లో ఒకటి. అందువల్ల కాంట్రాక్టు కార్మికుడి పనితీరును మెచ్చుకుంటూ కంపెనీ లెటర్‌హెడ్ మీద పత్రం ఇవ్వడానికి యాజమాన్యాలు జంకుతాయి. ఈ మనిషి పనిని రోజూ మేమే చూశాం అని ఒప్పుకున్న కాగితం అవుతుంది అది. కార్మిక సంఘాలు ఆ కాగితాన్నే కోరడానికీ కారణం అదే. మొదట చెప్పుకున్న మూడు గుర్తింపులూ, కార్డు, సంఘం, ప్రశంస, ఆ ఒక్క పత్రం దగ్గర కలుస్తాయి.